రాయచోటిలో ఫ్రాంచైజీ: పేరుకు రోజుకెన్ని బిల్లులు?

కువైట్‌లో ఏళ్ల తరబడి పనిచేసి కూడబెట్టిన డబ్బుతో సొంత ఊళ్లో ఏదైనా అంగడి పెట్టుకుని స్థిరపడాలన్న కోరిక రాయచోటి ప్రాంతంలో ఎన్నో కుటుంబాలది. ఒకప్పుడు ఆ డబ్బు ఇంటి స్థలానికో, బట్టల కొట్టుకో, జీపుకో పోయేది. ఇప్పుడు ఆ వరుసలో ఫాస్ట్‌ఫుడ్ ఫ్రాంచైజీ కూడా చేరింది. టీ కౌంటరు, పిజ్జా, బర్గరు, చికెన్ ఫ్రై, ఐస్‌క్రీమ్ పార్లరు... ఏదో ఒక బ్రాండు బోర్డు పెట్టుకుంటే గిరాకీ తనంతట తానే వస్తుందన్న నమ్మకం దీని వెనక ఉంది. ఆ నమ్మకాన్ని కొలిచి చూడవచ్చు. కొలవకుండా పెట్టే డబ్బు ఒక జీవితకాలపు శ్రమ కాబట్టి, కొలవడం తప్పనిసరి కూడా.

ఎవరైనా రెండు ఫ్రాంచైజీలను పోల్చేటప్పుడు మొదట అడిగేది పెట్టుబడి ఎంత అని, ఆ తర్వాత నెలకు మిగిలేది ఎంత అని. మొదటిదానికి జవాబు కంపెనీ కాగితంలో ఉంటుంది. రెండోదానికి జవాబు ఊళ్లో ఉంటుంది. తిరుపతిలోనో హైదరాబాద్‌లోనో నడిచే అంగడి లెక్కను తెచ్చి రాయచోటికి అతికిస్తే ఆ లెక్క నిలవదు.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. టీవీలో రోజూ కనిపించే అంతర్జాతీయ పేర్లలో చాలావాటి ఫ్రాంచైజీ మన దేశంలో విడి వ్యక్తికి దొరకదు. డొమినోస్ దుకాణాలను జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్ స్వయంగా నడుపుతుంది. దక్షిణ, పశ్చిమ భారతాల్లో మెక్‌డొనాల్డ్స్ వెస్ట్‌లైఫ్ సంస్థ చేతిలో ఉంది. కేఎఫ్‌సీ, పిజ్జా హట్ దుకాణాలు దేవయాని ఇంటర్నేషనల్, సఫైర్ ఫుడ్స్ వంటి పెద్ద సంస్థల కింద పెరిగాయి. పెద్ద పెద్ద ప్రాంతాల హక్కులను ఇలాంటి కొద్ది సంస్థలకే ఇవ్వడం ఈ పద్ధతి. కాబట్టి అయిదు లక్షలకే ఫలానా అమెరికన్ చికెన్ ఫ్రాంచైజీ ఇప్పిస్తామని వాట్సాప్‌లో సందేశం వస్తే దాన్ని వ్యాపార అవకాశంగా చూడకూడదు. ఆ కంపెనీల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి రిజిస్ట్రేషన్ ఫీజు వసూలు చేసిన మోసాలు దేశంలో పదే పదే బయటపడ్డాయి. డబ్బు పంపేసినవారు వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

చిన్న పట్టణానికి నిజంగా అందుబాటులో ఉన్నవి వేరు. 2001లో ముంబైలో మొదలైన జంబోకింగ్, 2004లో మొదలైన గోలీ వడాపావ్ ఫ్రాంచైజీ పద్ధతిలోనే పెరిగాయి. మన రాష్ట్రంలో టీ టైమ్ ఈ పద్ధతిలో ఊరూరా పాకింది.  అమూల్ పార్లర్లు మరో రకం. రాయల్టీ గానీ లాభంలో వాటా గానీ అడగబోమని అమూల్ ప్రకటిస్తుంది. ముద్రిత ధర మీద సగటున ప్యాకెట్ పాలకు 2.5 శాతం, ఇతర పాల ఉత్పత్తులకు 10 శాతం, ఐస్‌క్రీమ్‌కు 20 శాతం మార్జిన్ ఇస్తుంది. వీటన్నిటికీ ఫ్రాంచైజీ అన్న ఒకే పేరు వాడుతున్నా, డబ్బు ప్రవహించే దారులు పూర్తిగా వేరు.

ఆ దారిని అర్థం చేసుకోవడానికి రాయల్టీ దగ్గర కాసేపు ఆగాలి. 1955లో రే క్రాక్ మెక్‌డొనాల్డ్స్ ఫ్రాంచైజీలు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు అమ్మకాలపై 1.9 శాతం తీసుకునేవాడు. అందులో 0.5 శాతం మెక్‌డొనాల్డ్ సోదరులకు వెళ్లేది. అమెరికాలో సబ్‌వే 8 శాతం రాయల్టీ, దానిపైన 4.5 శాతం ప్రచార నిధి తీసుకుంటూ వచ్చింది. శాతం ఎంతైనా, లెక్కగట్టేది అమ్మకాల మీదే, లాభం మీద కాదు. మన సేద్యంలో కోరుకు చేసే రైతు పరిస్థితి ఇదే: విత్తనం, ఎరువు, కూలి ఖర్చు అతనివి, కల్లంలో రాశి పోసినప్పుడు వాటా మాత్రం మొత్తం పంట మీద పోతుంది. నెలాఖరుకు యజమానికి ఒక్క రూపాయి మిగలకపోయినా రాయల్టీ కట్టాల్సిందే. అందువల్ల అమ్మకాలు పెంచే ప్రతి డిస్కౌంటూ కంపెనీకి లాభమే. యజమానికి అది లాభమా నష్టమా అన్నది ఆ డిస్కౌంటు ఎవరి జేబులోంచి పోతుందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇక్కడ చాలామంది గమనించని పన్ను సూక్ష్మం ఒకటి ఉంది. మామూలు రెస్టారెంటు బిల్లుపై 5 శాతం జీఎస్టీ వసూలు చేస్తుంది. 2017 నవంబరు 15 నుంచి ఆ 5 శాతం పద్ధతిలో ఉన్న రెస్టారెంట్లకు తాము కొన్నవాటిపై కట్టిన పన్నును తిరిగి సర్దుబాటు చేసుకునే వీలు లేదు. రాయల్టీపైన, ఫ్రాంచైజీ ఫీజుపైన మాత్రం 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఆ పన్ను యజమాని నెత్తినే మిగిలిపోతుంది. కాగితం మీద 6 శాతం అని రాసిన రాయల్టీ నిజానికి 7.08 శాతం. 5 లక్షల ఫీజు నిజానికి 5 లక్షల 90 వేలు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. అంకెలు ఊహించినవే, ఏ కంపెనీవీ కావు. ఎవరి అంకెలు వారు వేసుకోవడానికి పద్ధతి తెలియాలన్నదే ఉద్దేశం. ఒక చికెన్ ఫ్రై అంగడికి ఫీజుతో కలిపి 30 లక్షల పెట్టుబడి, సగటు బిల్లు 200 రూపాయలు అనుకుందాం. అమ్మిన ప్రతి 100 రూపాయల్లో ముడిసరుకుకు 38, ప్యాకింగుకు 5, రాయల్టీకి 7.08, ప్రచార నిధికి పన్నుతో 2.36 పోతే చేతిలో మిగిలేది దాదాపు 47.50. నెలకు బాడుగ 35 వేలు, ఆరుగురి జీతాలు 84 వేలు, కరెంటు 30 వేలు, మిగతావి 16 వేలు కలిపితే స్థిర ఖర్చు 1 లక్షా 65 వేలు. దీన్ని భాగిస్తే నెలకు సుమారు 3 లక్షల 47 వేల అమ్మకం, అంటే రోజుకు 58 బిల్లులు వస్తే లాభనష్టాలు లేని స్థాయి. ఫ్రాంచైజీ అమ్మేవారు చూపించే కాగితం సాధారణంగా ఇక్కడ ఆగుతుంది.

ఆ కాగితంలో లేనివి మూడు. పెట్టిన 30 లక్షలు అయిదేళ్ల ఒప్పందంలో తిరిగి రావాలంటే నెలకు 50 వేలు తరుగుదల కింద తీయాలి. అప్పుడు రోజుకు 75 బిల్లులు కావాలి. అదే డబ్బు బ్యాంకులో వేసుకుంటే 8 శాతం చొప్పున నెలకు 20 వేల వడ్డీ వచ్చేది. యజమాని తెల్లారినప్పటి నుంచి రాత్రి పదకొండు దాకా కౌంటరులో నిలబడుతున్నాడు కదా, ఆ శ్రమకు 25 వేలైనా కట్టాలి. ఇవి కూడా కలిపితే రోజుకు 91 బిల్లులు. 58కీ 91కీ మధ్య ఉన్న అంగళ్లు పైకి బాగానే నడుస్తున్నట్టు కనిపిస్తాయి. జీతాలు అందుతాయి, బాడుగ అందుతుంది. యజమాని మాత్రం తన పెట్టుబడినో, వడ్డీనో, శ్రమనో నెలనెలా వదులుకుంటూ ఉంటాడు. ఆ సంగతి ఫ్రయ్యరు మార్చాల్సి వచ్చిన రోజునో, ఒప్పందం పునరుద్ధరించుకునే రోజునో తెలుస్తుంది.

ఏ ప్రయోగంలోనైనా పోలికకు ఒక ప్రమాణం ఉండాలి. రెండు ఫ్రాంచైజీలను ఒకదానితో ఒకటి పోల్చడం సగం పోలికే. అదే గదిలో, అదే మనుషులతో, సొంత పేరుతో పెట్టే అంగడి మూడోదిగా ఉండాలి. పై లెక్కలోంచి రాయల్టీ, ప్రచార నిధి, ఫీజు తీసేస్తే రోజుకు 72 బిల్లులు చాలు. అంటే బ్రాండు పేరుకు ఖరీదు రోజుకు 19 బిల్లులు. ఆ బోర్డు ఉన్నందువల్ల, అది లేకపోతే రాని గిరాకీ రోజుకు 19 బిల్లులైనా అయిదేళ్ల పాటు రావాలి. లేదా కంపెనీ శిక్షణ, టోకు సరుకు ధర, వృథా తగ్గించే పద్ధతి ఆ మేరకు ఖర్చు తగ్గించాలి. వంట, లెక్క, మనుషుల్ని నడపడం ఏమీ తెలియని వ్యక్తికి ఆ శిక్షణ నిజంగానే అంత విలువ చేయవచ్చు. ఇరవై ఏళ్లుగా హోటల్లో మాస్టరుగా పనిచేసిన వ్యక్తికి చేయకపోవచ్చు. ఫ్రాంచైజీ మంచిదా కాదా అన్న ప్రశ్నకు తీసుకునే మనిషిని బట్టి జవాబు మారడం అందుకే.

ఈ 91 బిల్లులు రాయచోటి ఇవ్వగలదా? 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనాభా సుమారు 91 వేలు. ఇంటికి నాలుగున్నర మంది చొప్పున 20 వేల కుటుంబాలు. ఆ తర్వాత ఊరు పెరిగింది. 2022 ఏప్రిల్ 4న అన్నమయ్య జిల్లా ఏర్పడినప్పుడు రాయచోటిని జిల్లా కేంద్రంగా ప్రకటించడంతో పెరుగుదలకు ఊపు వచ్చింది. అయినా పాత అంకెతోనే జాగ్రత్తగా లెక్కేద్దాం. నెలకు 2,730 బిల్లులు కావాలి. ఒక కుటుంబం నెలకోసారి చికెన్ ఫ్రైకి వస్తుందనుకుంటే, ఊళ్లో ప్రతి ఏడు కుటుంబాల్లో ఒకటి ప్రతి నెలా తప్పకుండా ఈ ఒక్క అంగడికే రావాలి. వీధి చివర అలాంటిదే రెండోది తెరిస్తే ఆ వాటా చీలుతుంది.

టీ కౌంటరు లెక్క చూడండి. 6 లక్షల పెట్టుబడి, తరుగుదల, వడ్డీ, యజమాని శ్రమ అన్నీ కలిపి నెలకు 99 వేల స్థిర ఖర్చు, 100కు 55 మిగులు, సగటు బిల్లు 20 రూపాయలు అనుకుంటే రోజుకు 300 బిల్లులు కావాలి. 91 పక్కన 300 పెద్ద అంకెలా కనిపిస్తుంది. కానీ టీ తాగేవాడు రోజూ వస్తాడు, కొందరు రెండుసార్లు వస్తారు. 300 మంది అలవాటు చాలు. ఒకచోట 2,730 కుటుంబాల నెలవారీ సరదా మీద ఆధారపడుతున్నాం, మరోచోట 300 మంది రోజువారీ అలవాటు మీద. చిన్న పట్టణంలో ఫ్రాంచైజీలను పోల్చడానికి నాకు తెలిసిన అతి ముఖ్యమైన కొలత ఇదే: ఒకే మనిషి ఎన్ని రోజులకోసారి మళ్లీ వస్తాడు? కొత్త ఒక వింత అన్నట్టు మొదటి రెండు మూడు నెలల కౌంటరు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. ఆ అంకెను చూసి రెండో అంగడికి అడ్వాన్సు ఇవ్వకూడదు.

చుట్టుపక్కల మండలాల గిరాకీ కూడా ఉందిగా అనవచ్చు. దానికీ ఒక కొలత ఉంది. 1931లో అమెరికన్ పరిశోధకుడు విలియం రైలీ చిల్లర వ్యాపారానికి ఒక ఆకర్షణ సూత్రం ప్రతిపాదించాడు. రెండు పట్టణాల మధ్య ఉన్న పల్లెలు ఎటు మొగ్గుతాయన్నది జనాభాను, దూరపు వర్గాన్ని బట్టి ఉంటుందని దాని సారం. కడప జనాభా 2011లో సుమారు 3 లక్షల 44 వేలు, రాయచోటికి దూరం సుమారు 50 కిలోమీటర్లు. ఈ అంకెలతో లెక్కిస్తే రాయచోటి ఆకర్షణ కడప వైపు 17 కిలోమీటర్ల దాకా సాగుతుంది. మధ్యలో గువ్వలచెరువు ఘాట్ ఉంది కాబట్టి రామాపురం వైపు వారికి రాయచోటే ఇంకాస్త దగ్గరనిపిస్తుంది. మరోవైపు లక్కిరెడ్డిపల్లె, గాలివీడు, సంబేపల్లె, చిన్నమండెం జనం పనులకు ఇక్కడికే వస్తారు. అయితే పనిమీద వచ్చినవారు పగలు వచ్చి సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్తారు. వాళ్లకు కావలసింది టిఫిను, భోజనం, టీ. పిజ్జా, ఫ్రైడ్ చికెన్ గిరాకీ మాత్రం పొద్దు వాలాక మొదలవుతుంది. జనాభా పటంలో కనిపించే గిరాకీ కౌంటరు వేళకు ఊళ్లో ఉండకపోవచ్చు.

ఈ లెక్కలన్నిటి అడుగున ఒక రసాయనశాస్త్ర సంగతి ఉంది. అమ్మకంతో పాటే ముడిసరుకు ఖర్చు పెరుగుతుంది, తగ్గుతుంది అని పైన అనుకున్నాం. వేపుడు నూనె విషయంలో అది నిజం కాదు. 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాగే నూనెలో ముక్క వేసినప్పుడు దానిలోని నీరు ఆవిరై బయటికి వస్తూ నూనె అణువులను విడగొట్టి కొవ్వు ఆమ్లాలను విడుదల చేస్తుంది. గాలిలోని ఆక్సిజన్ మరో పక్క నుంచి ఆ అణువులతో చర్య జరుపుతుంది. విరిగిన అణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతాయి. నూనె నల్లబడి, చిక్కబడి, ముక్క వేయగానే అంచుల్లో నురగ నిలుస్తుంది. ఇలా పుట్టే ధ్రువ పదార్థాలు 25 శాతం మించితే ఆ నూనె వాడరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం. 2018 జులై 1 నుంచి అది అమల్లో ఉంది. నూనెలో ముంచి విద్యుత్ ధర్మాన్ని బట్టి ఆ శాతాన్ని చూపే చేతి మీటర్లు దొరుకుతాయి.

గిరాకీ ఉన్నా లేకపోయినా ఫ్రయ్యరు వేడిగా ఉన్నంతసేపూ నూనె చెడుతూనే ఉంటుంది. గిరాకీ బాగా ఉన్నచోట ముక్కలు నూనెను పీల్చుకుపోతాయి, ఆ లోటు కొత్త నూనెతో భర్తీ అవుతుంది, కడాయిలో నూనె తాజాగా ఉంటుంది. గిరాకీ పలచగా ఉన్నచోట అదే నూనె గంటల తరబడి ఊరికే కాగుతుంది. 12 లీటర్ల ఫ్రయ్యరులో నూనె మార్చడానికి రోజుకు సగటున 600 రూపాయలు పడుతుందనుకుంటే 90 బిల్లుల రోజున బిల్లుకు 7 రూపాయల లోపు, 40 బిల్లుల రోజున 15 రూపాయలు. కరిగించిన చికెన్ కూడా అంతే. మసాలా పట్టించి బయటికి తీసింది ఒకటి రెండు రోజుల్లో అమ్ముడుపోకపోతే పారేయాల్సిందే. ఈ ఒత్తిడిలోనే నూనెను ఇంకొక రోజు లాగుదామనే ఆలోచన పుడుతుంది. ఆ ఇంకొక రోజును నేను ఏ లెక్కలోనూ సమర్థించలేను. అవతల తినేది మన ఊరి పిల్లలు.

దూరంలో ఉన్న అంగట్లో ఇలాంటి ప్రలోభాన్ని ఎవరు కనిపెడతారన్న ప్రశ్న ఫ్రాంచైజీ సిద్ధాంతంలోనూ ఉంది. కంపెనీలకు సొంత పెట్టుబడి చాలక ఫ్రాంచైజీలు ఇస్తాయన్న వాదన చాలదని 1978లో ఆర్థికవేత్త పాల్ రూబిన్ వాదించాడు. దూరంగా ఉన్న అంగడిని జీతం తీసుకునే మేనేజరు కన్నా సొంత డబ్బు పెట్టిన మనిషి జాగ్రత్తగా చూస్తాడు, కనిపెట్టే ఖర్చు తగ్గుతుంది అన్నది అతని వివరణ. అందులోనే ఇబ్బంది కూడా ఉంది. ఒక అంగట్లో చెడిన నూనె వల్ల పోయే పేరు అందరిది, ఆదా అయ్యే డబ్బు ఆ ఒక్కడిది. కర్నూలు నుంచి చిత్తూరు వైపు సాగే 40వ నంబరు జాతీయ రహదారి మీద, మళ్లీ రాని ప్రయాణికుడికి అమ్మే చోట ఈ ప్రలోభం ఎక్కువ. కాబట్టి తనిఖీలు గట్టిగా చేసే కంపెనీ యజమానికి చిరాకు తెప్పించినా నిజంగా మేలే చేస్తుంది. పక్క ఊరి అంగడి తప్పు నుంచి మన పెట్టుబడిని కాపాడేది ఆ తనిఖీయే.

చల్లదనం సంగతి కూడా అడగాలి. గడ్డకట్టిన సరుకు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. రైలు చేరని ఊరు కాబట్టి సరుకంతా రోడ్డు మీదే రావాలి. ఏ డిపో నుంచి, వారానికి ఎన్నిసార్లు, ఎండాకాలం మధ్యాహ్నం బండి దారిలో ఆగితే పాడైన సరుకు ఎవరి ఖాతా? కరెంటు పోయినప్పుడు ఫ్రీజరును నిలిపే జనరేటరు ఖర్చు పెట్టుబడి అంచనాలో ఉందా? చికెన్‌కు హలాల్ ధ్రువీకరణ ఉందా? రాయచోటిలో ఈ చివరి ప్రశ్నకు కాగితం మీద జవాబు లేని కంపెనీ గిరాకీలో పెద్ద భాగాన్ని మొదటి రోజే వదులుకుంటుంది. రాయల్టీ లేదని చెప్పే టీ బ్రాండ్లను పొడి, కప్పులు, సిరప్పులు తమ దగ్గరే కొనాలా, బయటి మార్కెట్ ధరకు ఎంత తేడా అని అడగాలి. రాయల్టీ ఆ తేడాలో దాగి ఉండవచ్చు.

చట్టం విషయంలో మన యజమాని ఒంటరి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1979 నుంచి అమలు చేస్తున్న నియమం ప్రకారం కంపెనీ 23 అంశాలతో ఒక వెల్లడి పత్రం ఇవ్వాలి. సంతకానికి కనీసం 14 రోజుల ముందే అది చేతికి రావాలి. గత మూడేళ్లలో ఎన్ని అంగళ్లు తెరిచారు, ఎన్ని మూతపడ్డాయి, ఎన్ని చేతులు మారాయి అన్న పట్టిక అందులో తప్పనిసరి. మన దేశంలో ఫ్రాంచైజీకి ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం వంటివే దిక్కు. అందువల్ల ఆ పట్టికను మనమే అడిగి తీసుకోవాలి. కంపెనీ చూపించేవన్నీ ఇంకా నడుస్తున్న అంగళ్లే. మూతపడినవి ఫొటోల్లో ఉండవు. మన ఊరంత జనాభా ఉన్న ఊళ్లలో రెండేళ్లు దాటిన అంగళ్ల పేర్లు అడిగి, చెప్పకుండా వెళ్లి, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఎదురుగా నిలబడి బిల్లులు లెక్కపెట్టాలి. వాన రోజు, మంగళవారం, నెలాఖరు, రంజాన్ నెల వంటి రోజులు ఆ లెక్కలో ఉండాలి. ఆదివారం ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు.

సంతకానికి ముందు ఆగాల్సిన చోట్లు మూడు. ఊళ్లో ఇదే బ్రాండు రెండో అంగడి ఇవ్వబోమని హద్దులతో సహా రాశారా లేదా అన్నది మొదటిది. ఒప్పందం ముగిశాక సొంతంగా అదే వ్యాపారం చేయకూడదన్న షరతు రెండోది. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ వ్యాపార నిరోధాన్ని చెల్లదంటుంది గానీ, ఒప్పందం నడుస్తున్న కాలంలో పెట్టే ఆంక్ష చెల్లుతుందని 1995లో గుజరాత్ బాట్లింగ్, కోకాకోలా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి చిన్న అక్షరాల్లో ఉన్న కాలపరిమితిని లాయరుతో చదివించుకోవాలి. మూడోది గది. ఫ్రాంచైజీ ఒప్పందం అయిదేళ్లు ఉండి బాడుగ పత్రం మూడేళ్లే ఉంటే, గోడలకూ నేలకూ కంపెనీ నమూనా ప్రకారం పెట్టిన లక్షలు మూడో ఏడాది చివర గది యజమాని దయ మీద ఉంటాయి. బాడుగ పత్రం రిజిస్టరు చేయించి, రెండు గడువులూ ఒకే తేదీన ముగిసేలా రాయించుకున్నాకే కంపెనీకి ఫీజు కట్టాలి.